ఏ జనగణన? ఏ పట్టిక? ఏ పుట?

పొరుగు రాష్ట్రాల తెలుగువారి మీద జరిగిన పరిశోధనలు నా బల్ల మీదికి తరచుగా వస్తుంటాయి. కొన్నిటిని పరిశోధకులే అభిప్రాయం కోసం పంపుతారు. కొన్నిటిని ఏదో ఒక బడి గురించో, నామఫలకం గురించో అర్జీ వేయదలచినవారు తమకు బలంగా ఉంటుందని తీసుకువస్తారు. వాటిని నేను చదివే పద్ధతి కొందరికి వింతగా తోచవచ్చు. ముందుగా అధోజ్ఞాపికలు చూస్తాను, తరువాత ఉపయుక్త గ్రంథాల పట్టిక చూస్తాను, ఆ పిమ్మటే మొదటి పుటకు వస్తాను. న్యాయవాద వృత్తి అలవాటు చేసిన చదువు ఇది. ఇన్నేళ్లుగా అలా చదివిన మీదట నాకు కలిగిన అభిప్రాయాన్ని దాచుకోకుండా చెబుతాను. మనవారి పరిశోధనలో శ్రమ ఉంది, భాష మీద ప్రేమ ఉంది. ఆకరాలు చూపడంలో మాత్రం క్షమించరాని అలసత్వం ఉంది.

'సెన్సస్ చూడుడు', 'ప్రభుత్వ నివేదికల ఆధారంగా', 'ఒక సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం', 'పెద్దలు చెప్పగా విన్నది' అంటూ సాగే అధోజ్ఞాపికలు సిద్ధాంత గ్రంథాలలో కూడా కనిపిస్తాయి. వాటిని పర్యవేక్షకులు చూసి, పరీక్షకులు ఒప్పుకొని, విశ్వవిద్యాలయాలు పట్టాలిచ్చాయి. పట్టా వచ్చింది గనుక పరిశోధకుడి పని తీరింది. మన పని తీరలేదు. రాజధానులలో తెలుగు మాట్లాడేవారికి పరిశోధన ఒక విద్యావ్యాసంగం కావచ్చు. పొరుగు రాష్ట్రాలలో తరతరాలుగా ఉన్న తెలుగువారికి అది సాక్ష్యం. రేపు ఏ అధికారి ముందో, ఏ ధర్మాసనం ముందో దానిని తెరచి చూపవలసి వస్తుంది.

కోర్టులో ఒక తీర్పును ఎలా చూపుతామో చూడండి. వాది పేరు, ప్రతివాది పేరు, సంవత్సరం, సంపుటం, పుట. టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ వర్సెస్ కర్ణాటక రాష్ట్రం, (2002) 8 ఎస్.సి.సి. 481. ఈ ఒక్క వరుస ఉంటే దేశంలో ఏ మూల ఉన్న న్యాయవాది అయినా ఆ పుట తెరచి నేను చెప్పింది నిజమో కాదో తేల్చుకోగలడు. 2023 నుంచి సుప్రీంకోర్టు తన తీర్పులకు ఏ ప్రచురణ సంస్థతోనూ నిమిత్తం లేని సొంత సంఖ్యలు కూడా ఇస్తున్నది. ఈ ఏర్పాట్లన్నీ చేసింది ఎదుటివాడి కోసం. నన్ను నమ్మనివాడు తానే వెళ్లి చూసుకొనేందుకు నేను ఇచ్చే దారి అది. అధోజ్ఞాపికను పాండిత్య ప్రదర్శన అనుకొనేవారు ఈ సంగతిని మరచిపోతారు.

కొన్నేళ్ల క్రితం ఒక సరిహద్దు తాలూకా నుంచి కొందరు తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చారు. తమ ఊరి బడిలో తెలుగు తరగతికి ఉపాధ్యాయుణ్ణి వేయడం లేదని వారి గోడు. వారి చేతిలో ఒక సిద్ధాంత గ్రంథం ఉంది. ఆ తాలూకాలో తెలుగు మాట్లాడేవారి శాతం అందులో ధీమాగా రాసి ఉంది. కింద 'జనాభా లెక్కలు' అని రెండే మాటలు. ఏ సంవత్సరపు లెక్కలో లేదు, ఏ పట్టికో లేదు, తాలూకా మొత్తానిదా పల్లెలదా అన్నదీ లేదు. అటువంటి సంఖ్యను అర్జీకి జతచేస్తే ప్రభుత్వ న్యాయవాది వేసే మొదటి ప్రశ్నకే అది కూలుతుంది. దానితోపాటు తక్కిన అర్జీ మీద కూడా అనుమానపు నీడ పడుతుంది. అందుచేత దానిని పక్కనపెట్టి, జనగణన పట్టికలు, బడి ప్రవేశాల రిజిస్టరు నకళ్లు మొదటినుంచి సమకూర్చుకోవలసి వచ్చింది. తేలిన శాతం ఆ గ్రంథంలో ఉన్నదానికంటె చాలా తక్కువ. అయినా మాకు చాలినంత. కాని ఈలోగా విద్యాసంవత్సరం మొదలైపోయింది. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరవలసిన పిల్లలు వేరే మాధ్యమంలో చేరిపోయారు. ఒక్క అధోజ్ఞాపిక సరిగా ఉండి ఉంటే ఆ నెలలు మిగిలేవి.

జనగణన సంఖ్యలను ఉదహరించడంలో మరొక పెద్ద చిక్కు ఉంది. దానిని ఇంచుమించు అందరూ విస్మరిస్తున్నారు. జిల్లా పేరు మారకపోయినా జిల్లా మారిపోతుంది. 2001 జనగణన నాటికి కోలారు జిల్లాలో బాగేపల్లి, గుడిబండ, చింతామణి, గౌరిబిదనూరు తాలూకాలు ఉన్నాయి. తెలుగు గట్టిగా వినిపించే ప్రాంతం అది. 2007లో వాటిని విడదీసి చిక్కబళ్లాపురం జిల్లా చేశారు. 2011 లెక్కలలో 'కోలారు' అంటే మిగిలిన భాగం మాత్రమే. ఈ సంగతి గమనించకుండా 2001 కోలారును 2011 కోలారుతో పోలిస్తే, పదేళ్లలో తెలుగువారు ఎక్కడికో మాయమైపోయినట్లు కనబడుతుంది. అలా పోల్చి 'తెలుగు అంతరిస్తున్నది' అని కన్నీరు పెట్టుకున్న వ్యాసాన్ని నేను చదివాను. మనమీద జాలితో రాసిన ఆ వాక్యాన్నే మనకు బడి అక్కరలేదని వాదించేవాడు ఎత్తి చూపగలడు.

హోసూరు సంగతీ అంతే. 2001 లెక్కలలో అది ధర్మపురి జిల్లాలో ఉంది, 2004 నుంచి కృష్ణగిరి జిల్లాలో ఉంది. పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1కి ముందు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాది. ఆ తరువాత ఒరిస్సాలో గంజాం జిల్లాది, 1992 నుంచి గజపతి జిల్లాది. కోరాపుట్ కూడా 1992లోనే ముక్కలై రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి విడిపోయాయి. సిరొంచ 1982 దాకా చంద్రపూర్ జిల్లా, ఆ తరువాత గడ్చిరోలి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది. సరిహద్దు మనుషుల లెక్క చెప్పేటప్పుడు సరిహద్దు ఏనాటిదో చెప్పకపోతే ఆ లెక్కకు అర్థం లేదు. కనుక జనగణన సంవత్సరం, పట్టిక సంఖ్య, ఆనాటి జిల్లా తాలూకాల పేర్లు, గ్రామీణమా పట్టణమా, ఇవన్నీ రాయాలి. మాతృభాషల పట్టిక 'సి-16', ద్విభాషిత్వపు పట్టిక 'సి-17'. రెంటిలోనూ తెలుగు సంఖ్యలుంటాయి, రెండూ చెప్పేది వేరు. ఇంట్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారిని, తెలుగు రెండో భాషగా వచ్చినవారిని ఒకే గంపలో వేసిన పత్రాలు ఉన్నాయి.

'తమిళనాడులో 40 శాతం తెలుగువారే' అన్న మాట సభలలో చప్పట్లు కొట్టించుకుంటుంది. చప్పట్లు కొట్టేవారిని నేను తప్పుపట్టను. పరిశోధన పత్రంలో ఆ మాట కనిపిస్తే మాత్రం ఊరుకోలేను. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పినవారు 5.87 శాతం, అంటే సుమారు 42 లక్షలు. కర్ణాటకలో 5.84 శాతం. పూర్వికులు తెలుగువారై, ఇప్పుడు ఇంట్లో తమిళమే మాట్లాడేవారు అసంఖ్యాకంగా ఉండవచ్చు. వారి చరిత్రను తప్పక రాయాలి. అయితే జనగణన పూర్వికుల భాషను అడగదు. వ్యక్తికి బాల్యంలో తల్లి ఏ భాషలో మాట్లాడిందో అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నలను కలిపేసి ఒకే అంకెగా చెప్పడం ఎదుటిపక్షానికి మన చేతులారా ఆయుధం అందించడమే. 42 లక్షలు చిన్న సంఖ్య కాదు. దానికి తోకలు తగిలించనక్కరలేదు.

'భాష', 'మాతృభాష' అన్న రెండు మాటలకు జనగణనలో వేరువేరు అర్థాలున్నాయని కూడా మనవారు పట్టించుకోరు. 2011లో జనం చెప్పిన పేర్లు 19,569. వాటిని సరిచూసి, కలిపి 1,369 మాతృభాషలుగా తేల్చారు. ఆపైన వాటిని 121 భాషల కింద సర్దారు. తెలుగు అనే భాష కింద తెలుగుతోపాటు వడరి వంటి మాతృభాషల సంఖ్య కూడా చేరుతుంది. దేశం మొత్తం మీద 10,000 మందికి తక్కువ ఉన్నవి 'ఇతరములు'లో కలిసిపోతాయి. మహారాష్ట్రలోని కామాటి, వడ్డెర కుటుంబాల మీద పనిచేసేవారికి ఈ తేడా ప్రాణప్రదమైనది. గ్రియర్సన్ భాషా సర్వేక్షణను ఉదహరించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. అందులో ద్రావిడ భాషల 4వ సంపుటాన్ని (1906) సిద్ధం చేసింది స్టెన్ కోనో. పైగా మద్రాసు రాజధాని, హైదరాబాదు, మైసూరు సంస్థానాలు ఆ సర్వేక్షణ పరిధిలోనే లేవు. 'గ్రియర్సన్ సర్వే చేసి చెప్పినట్లు కోలారులో' అని మొదలయ్యే వాక్యం రాసినవారు ఆ సంపుటాన్ని తెరవలేదని నాకు వెంటనే తెలిసిపోతుంది.

ఇక చట్టం సంగతి. ఒక తరగతిలో 10 మంది గాని, బడి మొత్తం మీద 40 మంది గాని ఆ భాష పిల్లలుంటే ఆ మాతృభాషలో చదువు చెప్పాలని 'రాజ్యాంగం నిర్దేశించింది' అని రాయడం మనవారికి అలవాటైపోయింది. రాజ్యాంగంలో ఆ అంకెలు లేవు. 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించే ప్రయత్నం చేయమని మాత్రమే రాష్ట్రాలకు చెబుతుంది. 1956లో 7వ సవరణ ద్వారా వచ్చిన అధికరణం అది. 10, 40 అన్న అంకెలు 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశపు తీర్మానంలోనివి. తరువాత 1956 నాటి మెమొరాండంలోకి, భాషాల్పసంఖ్యాక వర్గాల రక్షణ పథకంలోకి వచ్చాయి. ఒక తాలూకాలో గాని జిల్లాలో గాని 15 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలో ఇవ్వాలన్నదీ ఆ పథకంలోనిదే. తీర్మానానికీ రాజ్యాంగానికీ ఉన్న బలాబలాల తేడా ఎంతో చెప్పనక్కరలేదు. ఆ తీర్మానాన్ని తీర్మానంగానే చూపి, రాష్ట్రం తాను ఒప్పుకొన్న మాట తప్పుతున్నదని వాదిస్తే వినే అవకాశం ఉంది. దానినే రాజ్యాంగ నిబంధనగా చూపితే పుస్తకం తెరచి 'ఎక్కడుంది చూపండి' అంటారు.

తీర్పుల విషయంలో మరొక రుగ్మత ఉంది. తీర్పును చదవకుండా దినపత్రిక శీర్షికను చదివి ఉదహరించడం. 2014 మే 6న రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక మాధ్యమ వివాదంలో ఇచ్చిన తీర్పును మన వ్యాసాలలో 'మాతృభాషకు వ్యతిరేక తీర్పు' అని రాసేస్తున్నారు. మాతృభాషలోనే చదవాలని రాష్ట్రం బలవంతపెట్టరాదని ఆ తీర్పు చెప్పింది. ఆ తీర్పు నాకూ నచ్చలేదు. అయినా బలవంతం కూడదనడం వేరు, సదుపాయం అక్కరలేదనడం వేరు. తెలుగు తరగతి కావాలని అడుగుతున్న తల్లిదండ్రులకు ఆ తీర్పు అడ్డు కాదు. అడ్డు అని మనమే రాసుకొని, ఆ రాతను మరొకరు ఉదహరించి, మూడోవాడు రెండోవాడిని ఉదహరించి, చివరకు అదే నిజమైపోతున్నది.

పరాయివారి పొరపాట్లను ఎంచేటప్పుడు మనకున్న చూపు మన గొప్పలు చెప్పుకొనేటప్పుడు మందగిస్తుంది. వెనీసు యాత్రికుడు నికొలో కోంతి తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నాడని రాయని తెలుగు సంచిక లేదు. అతడు చెప్పినదానిని 15వ శతాబ్దంలో పొగ్గియో లాటిన్‌లో రాశాడు. దాని ఆంగ్లానువాదం హక్లూయిట్ సొసైటీ 1857లో అచ్చువేసిన 'ఇండియా ఇన్ ది ఫిఫ్టీన్త్ సెంచురీ'లో ఉంది. నేను మొదటినుంచి చివరిదాకా చదివాను. విజయనగరం ఉంది, పండుగలున్నాయి, వజ్రాలున్నాయి. ఆ మాట నాకు కనిపించలేదు. కనిపించినవారు పుట సంఖ్య తెలిపితే సంతోషిస్తాను. అలాగే దేశభాషలలో తెలుగు మిన్న అనే ప్రసిద్ధ పద్యపాదాన్ని అందరూ శ్రీకృష్ణదేవరాయలకే కట్టబెడతారు. ఆముక్తమాల్యదలో అది ఉన్న మాట నిజమే. అంతకు ముందే క్రీడాభిరామంలో కూడా ఉంది. ఆ క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అన్నది పండితులు వాదులాడుకొన్న విషయం. ఇంత కథ ఉన్నచోట 'రాయలవారన్నట్లు' అని తేల్చేయడం పరిశోధన కాదు.

దీనికి ఎదురుగా, మనకు న్యాయంగా దక్కవలసిన ఘనతను ఉదాహరణల అలసత్వం వల్లనే పోగొట్టుకొన్న సందర్భం ఒకటుంది. దక్షిణాది భాషలు ఒక ప్రత్యేక కుటుంబమని నిరూపించినవాడు కాల్డ్‌వెల్ అనీ, అది 1856 నాటి మాట అనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 40 ఏళ్ల ముందే, 1816లో, మద్రాసులో అచ్చయిన ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాసిన ఉపోద్ఘాత వివరణలో ఆ నిరూపణ ఉంది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని ధాతువులు చూపి వాదించిన రచన అది. అంటే ద్రావిడ భాషా కుటుంబ సిద్ధాంతం తెలుగు వ్యాకరణ పుస్తకంలో కన్ను తెరచింది. ఎల్లిస్‌ను తెరవకుండా కాల్డ్‌వెల్‌ను, కాల్డ్‌వెల్‌ను తెరవకుండా అతనిని ఉదహరించినవారిని ఉదహరిస్తూ పోవడం వల్ల ఒక శతాబ్దానికి పైగా ఆ సంగతి మరుగున పడింది. భద్రిరాజు కృష్ణమూర్తి వంటివారు దానిని గుర్తుచేస్తూ వచ్చారు. 2006లో థామస్ ట్రౌట్‌మన్ దానిమీద ఏకంగా గ్రంథమే వెలువరించారు. మన విద్యార్థుల పత్రాలలో మాత్రం ఇప్పటికీ 1856 దగ్గరే చరిత్ర మొదలవుతున్నది.

శాసనాలను ఉదహరించేవారికి ఒక మాట. కోలారు ప్రాంతపు శాసనాలు లూయీ రైస్ సంపాదకత్వంలో 1905లో 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' 10వ సంపుటంగా వచ్చాయి. అందులో తాలూకా పేరు, దాని కింద వరుస సంఖ్య ఉంటాయి. తరువాత మైసూరు విశ్వవిద్యాలయం వెలువరించిన సవరించిన ముద్రణలో సంపుటాల విభజన, సంఖ్యలు మారాయి. ఏ ముద్రణో చెప్పకుండా '10వ సంపుటం' అంటే చదివేవాడు మరో జిల్లాలో వెతుక్కోవలసి వస్తుంది. ఊరిలో తెలుగు ఎన్ని వందల ఏళ్లుగా ఉందో చెప్పే రాయి మన చేతిలోనే ఉండి, దాని చిరునామా తప్పుగా ఇవ్వడం ఎంత దురదృష్టం!

పేర్ల గొడవ మరొకటి. ఇంటిపేరు ముందు రాసుకొనే జాతి మనది. పాశ్చాత్య పద్ధతిని గుడ్డిగా అనుసరించి చివరి మాటను ఇంటిపేరనుకొంటే గిడుగు వెంకట రామమూర్తి 'రామమూర్తి, జి.వి.' అవుతాడు. తమిళనాడు తెలుగువారిలో చాలామందికి ముందున్న పొడి అక్షరం తండ్రి పేరుది. నా సలహా ఒకటే. రచయిత తన పుస్తకం మీద తన పేరు ఎలా వేసుకొన్నాడో అలాగే రాయండి. తెలుగు పట్టికను ఆ క్రమంలోనే అకారాదిగా కూర్చండి.

ఇవన్నీ తెల్లవాడు పెట్టిన తంటాలని ఒక మిత్రుడు వాదించాడు. మెదకు సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథ సూరి మూలం లేనిదేదీ రాయనని తన వ్యాఖ్యానం మొదట్లోనే ప్రతిజ్ఞ చేశాడు. కాళిదాసు కావ్యాలకు దేశమంతా ఈనాటికీ ఆ తెలుగువాడి వ్యాఖ్యనే తెరుస్తున్నది.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. 10 శాతం దాటిన పోలిక ఉంటే శిక్షలు చెప్పింది. మంచిదే. కాని ఆ యంత్రం ఎత్తిరాతను పడుతుంది, లేని ఆకరాన్ని పట్టదు. ఇప్పుడు అడిగిందే తడవుగా పత్రం రాసిపెట్టే కృత్రిమ మేధ వచ్చింది. అది లేని తీర్పులను కూడా సంపుటం, పుటలతో సహా సృష్టించగలదు. 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు అలాంటి తీర్పులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా పాలయ్యారు. స్వయంగా తెరచి చూడని పుటను ఉదహరించరాదన్న పాత నియమానికి ఇంతకంటె వేరే సమర్థన అక్కరలేదు. ఇతరుల ద్వారా తెలిసినదైతే 'ఫలానా గ్రంథంలో ఉదహరించగా' అని రాయడానికి సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

చివరగా, అచ్చులో లేని ఆకరాలు. హోసూరు పల్లెలలో, గంజాం తీరంలో, సిరొంచలో మన పరిశోధకులు పాటలు, కథలు, పలుకుబడులు సేకరిస్తున్నారు. వాటి కింద 'సేకరణ: పరిశోధకుడు' అని ఉంటుంది. పాడిన అవ్వ పేరు ఉండదు. ఆమె ఊరు, వయసు, పాడిన తేదీ, పాట ఏ సందర్భంలోది, రికార్డు ఎక్కడ భద్రపరచారు, ఇవేవీ ఉండవు. పేరు వేయడానికి ఆమె ఒప్పుకొన్నదా అని అడిగి, ఒప్పుకొంటే గౌరవంగా వేయాలి. వద్దంటే ఆ మాటా రాయాలి. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 జనగణనకు కేంద్రం 2025లో ప్రకటన ఇచ్చింది. ఆ లెక్కలు వచ్చేదాకా, వచ్చిన తరువాత కూడా, ఫలానా ఊరిలో ఫలానా నాడు తెలుగు ఇలా పలికిందని చెప్పగల సాక్షి ఆ అవ్వ. కోర్టులో సాక్షి పేరు లేని వాంగ్మూలాన్ని నేను చేతితో కూడా తాకను. సిద్ధాంత గ్రంథాలలో అలాంటివి వందలకొద్దీ అచ్చవుతున్నాయి. వాటిని సేకరించినవారిలో చాలామంది ఇంకా ఉద్యోగాలలోనే ఉన్నారు. వారి బీరువాలలో ఆ టేపులూ ఉన్నాయి. ఈ వేసవి సెలవులలో వాటిని తీసి, ఎవరు ఎప్పుడు ఎక్కడ పాడారో గుర్తున్నంతవరకు చీటీలు రాసి అంటించమని వారిని కోరుతున్నాను.